గతంలోకి ప్రేమకథ రాయడం – 3వ పాఠం: ఏ రేవులో దించాలి?

పోయిన పాఠంలో మన అమ్మాయిని బాగా విసిగించాం. ఇరవయ్యారేళ్లు, హైదరాబాదులో ఉద్యోగం, రాత్రి పదకొండింటికి మీటింగు, కలలో కూడా మోగే ఫోను. సంక్రాంతికి ధవళేశ్వరంలో అమ్మమ్మగారింటికి వచ్చింది. తెల్లారకముందే గోదావరి రేవుకి వెళ్లి, మూడు మెట్లు దిగి, ముక్కు మూసుకుని మునిగింది. అక్కడ ఆపాం. ఈ పాఠంలో తల పైకెత్తుతుంది. ఏ కాలంలో పైకెత్తాలో తేల్చడం మన పని.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చెయ్యకుండా. నా మొదటి కథలో నాయికని 1830లోకి పంపి, పచ్చటి వరిచేల మధ్య నిండుగా పారే కాలవగట్టు మీద నడిపించాను. రాసినందుకు నాకే ముచ్చటేసింది. మా మేనమామ చదివి ఒకే మాట అడిగాడు: "ఆ కాలవ ఎవడు తవ్వాడ్రా?"

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెడితే 1852కి పూర్తయింది. కాలవలూ, లాకులూ, వాటి వెనకాల వచ్చిన పచ్చదనమూ ఆ తరవాతి సంగతే. అంతకు ముందు వరదొస్తే ముంపు, వాన తప్పితే కరువు. 1832–33 నందన కరువు ఈ జిల్లాల్నీ వదల్లేదు. 1839 నవంబరులో ఉప్పెన కోరంగిని ముంచేసింది. మనం పాతకాలపు కోనసీమ అని తలుచుకుని నిట్టూర్చేది చాలావరకు ఆ ఆనకట్ట తరవాతి కోనసీమే. అందుకని, పచ్చదనం కోసం పారిపోయే పిల్లని ఆ పచ్చదనం ఇంకా పుట్టని ఏడాదిలో దించండి. ఆమె ఆశకీ కళ్లకీ మొదటి నిమిషంలోనే పేచీ వస్తుంది. నేనైతే 1851 ఎంచుకుంటాను.

అది 1851 అని ఆమెకి ఎలా తెలియాలి? రేవులో ఎవర్నైనా అడిగితే అంకె చెప్పరు, "విరోధికృతు" అంటారు. తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. విరోధికృతు అంటే 1791 కావచ్చు, 1851, 1911, చివరికి 1971 కూడా కావచ్చు. ఇంత మంచి చిక్కుముడి మన పంచాంగం ఊరికే ఇస్తుంటే, గాల్లో తేలే యంత్రాలు ఎందుకండీ? ముడిని ఆమె కళ్లతోనే విప్పించండి. 1971 అయితే అమ్మమ్మ పడుచుపిల్లగా ఆ వీధిలోనే ఉండాలి. ఎగువన రాజమండ్రి దగ్గర రైలు వంతెన లేదు. ఆ వంతెన 1900లో వచ్చింది కాబట్టి 1911 కూడా పోయింది. ఏటి మధ్యలో ఆనకట్ట ఇంకా పూర్తి కాలేదు, రాళ్ల పడవలు తిరుగుతున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే.

లేని వస్తువులు చూపించడం కూడా నేర్చుకోవాలి. కాలవల్ని కప్పేసే గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. మన దేశానికి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. 1851లో నాయికని గుర్రపుడెక్కలో ఇరికించారో, మా మేనమామ లాంటి పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల మోత ఉండదు. గట్టు మీద టీ కొట్టు ఉండదు. "పది నిమిషాల్లో వస్తా" అనేవాళ్లూ ఉండరు. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు, ఎదురుచూపులన్నీ ఆ కొలతల్లోనే. అయితే ఇవన్నీ ఒకే పేజీలో కుక్కకండి, మ్యూజియం టికెట్టు కొన్నట్టు ఉంటుంది. రెండు చాలు.

ఈ విద్యలో మన పురాణం ఎప్పుడో ఆరితేరింది. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి రైవతుడు బ్రహ్మలోకం వెళ్లి, పాట అయ్యేదాకా కాస్త ఆగితే కింద యుగాలు గడిచిపోయాయి. తిరిగొచ్చి బలరాముడికిచ్చి పెళ్లి చేద్దామంటే పాతయుగం పిల్ల మరీ పొడుగు. బలరాముడు నాగలితో తలమీద నొక్కి పొట్టి చేశాడు. కాలం మారితే మనిషి కొలత కూడా కుదరదని ఆ కథకుడికి తెలుసు.

మన అమ్మాయికి ఎత్తు సరిపోయింది. కుదరనిది వేరే ఉంది. హైదరాబాదులో ఆమె అపార్టుమెంటులో ఆమె ఎవరో ఎవరికీ అక్కర్లేదు. 1851 రేవులో ఎవరికీ చెందని మనిషి అనేదే ఉండదు. పైగా ఇరవయ్యారేళ్ల ఆడమనిషి, మెడలో తాళి లేదు. చూసినవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించండి. వితంతు వివాహాన్ని ఒప్పుకున్న చట్టం 1856లో గాని రాలేదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మన అమ్మాయి దిగింది వీటన్నిటికీ ముందు. ఆమె చేత ఉపన్యాసం మాత్రం ఇప్పించకండి. ఆమె టెన్షన్ ఆమెకి చాలు. ఇలా రాసి చూద్దాం:

గట్టు మీద మామ్మ బిందె కిందికి దించింది. "ఎవరమ్మా నువ్వు? ఎవరి తాలూకు?"

నోటిదాకా వచ్చిన పేరు అక్కడే ఆగిపోయింది. పేరు కాదు అడిగింది.

"ఒక్కదానివే వచ్చావా?" మామ్మ చూపు మెడ మీదకి జారింది.

రాళ్ల పడవలో తాడు చుడుతున్న సరంగు తల ఎత్తలేదు. "మా తాలూకే మామ్మా. రాత్రి నరసాపురం పడవలో దిగింది."

అతను ఆమెని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఇదే మీ కథలో మొదటి ప్రేమమాట. కళ్లు కలవడాలు, గాలికి పైట ఎగరడాలు తరవాత చూసుకుందాం. అతను అబద్ధమాడాడు, రేపట్నించి దానికి బాకీ కడుతూనే ఉండాలి. ఎందుకంటే "మా తాలూకు" అన్నాడే గాని వరస చెప్పలేదు. చెల్లెలన్నాడా, కథ అక్కడే అయిపోయింది. మరదలన్నాడా, సాయంత్రానికి ఊరంతా ముహూర్తం అడుగుతుంది. ఏదీ చెప్పకపోతే ఊరే ఒక వరస కలుపుతుంది, అది ఇంకా ప్రమాదం. వేరే భాషవాళ్లు ఇక్కడ విలన్ని తెచ్చుకోవాలి. మనకి వరస ఒక్కటి చాలు.

ఈ వారం అభ్యాసం: మామ్మ వదల్లేదు. బిందె మళ్లీ చంకనెత్తుకుంటూ, "నీకేమవుతుందిరా అబ్బాయ్?" అంది. అక్కణ్నించి ఇరవై వాక్యాలు రాయండి. సరంగు జవాబు సగంలో ఆగాలి. అమ్మాయి నోట ఇవాళ్టి మాట ఒక్కటే జారాలి, దాన్ని మామ్మ వేరే అర్థంలో తీసుకోవాలి. నా ప్రయత్నంలో ఆమె "సారీ" అంది. మామ్మ "సారె ఏదమ్మా, ఎవరు పెట్టారు?" అని చేతులకేసి చూసింది. మీరు ఇంకోటి వెతుక్కోండి.

4వ పాఠంలో ఆమెకి ఆకలేస్తుంది. ఎవరింట్లో, ఏ వరసన కూర్చుని తింటుందో చూద్దాం.