ఇంగ్లాండ్ పల్లె ప్రాంతంలో పాత ఊళ్లు, కోటలు, సముద్రతీరాలు ఎలా చూడాలి?

లండన్ వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా టవర్ బ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, స్టోన్‌హెంజ్ చూసుకుని వచ్చేస్తారు. పిల్లల దగ్గర రెండు మూడు నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలదీ అదే దారి. పల్లె వైపు వెళ్లాలంటే కారు ఉండాలి, చాలా ఖర్చవుతుంది అనుకుంటారు. కారు లేకుండానే హాయిగా తిరగొచ్చు. కాకపోతే దేశమంతా చుట్టేయాలన్న ఆశ వదులుకోవాలి. ఏదో ఒక మూల ఎంచుకుని, ఒక ఊళ్లో మకాం పెట్టి, రోజుకొక చోటికి వెళ్లి రావాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఆగ్నేయ ఇంగ్లాండ్‌లోని ఈస్ట్ ససెక్స్. పాత ఊరు, కోట, బీచ్ మూడూ దగ్గర దగ్గరలోనే ఉంటాయి.

ముందు ఏ నెలలో వెళ్లాలో చూసుకోండి

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో నాలుగు కాకుండానే చీకటి పడిపోతుంది, చలికాలంలో కోటల వేళలు కూడా తగ్గిస్తారు. వేసవి అయినా సరే, వాన కోటు, జారని బూట్లు ఉండాల్సిందే.

మకాం రై అనే ఊళ్లో పెట్టండి

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో హైస్పీడ్ రైలెక్కి ఆష్‌ఫర్డ్‌లో దిగి, అక్కడ హేస్టింగ్స్ వైపు వెళ్లే చిన్న రైలు పట్టుకోవాలి. మొత్తం గంటకు కాస్త పైన. ఉదయం రద్దీ వేళ దాటాక ఆఫ్‌పీక్ టికెట్ తీసుకుంటే తక్కువలో అయిపోతుంది. ఇద్దరు కలిసి తిరిగేట్టయితే టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకోండి, చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. శనివారాల్లో గదులు త్వరగా నిండిపోతాయి కాబట్టి వారం మధ్యలో వెళ్లడం మేలు.

మొదటి రోజు ఊరు చూడండి, ముందు పైకెక్కండి

రై ఒక చిన్న గుట్ట మీద ఉంటుంది. నేరుగా సెయింట్ మేరీ చర్చికి వెళ్లండి. లోపల తల పైకెత్తితే పైకప్పులోంచి వేలాడే పొడవాటి లోలకం మెల్లగా అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది. అది పదహారో శతాబ్దపు గడియారానిది, ఇప్పటికీ నడుస్తోంది. పక్కనున్న ఇరుకు మెట్లెక్కి గోపురం మీదికి వెళ్లండి. మనిషికి మనిషి ఎదురైతే ఒకరు ఆగాల్సినంత ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండిపోవడం మంచిది.

పైనుంచి ఎర్ర పెంకుల ఇళ్లు, వాటి అవతల గొర్రెలు మేసే చదునైన పచ్చిక, ఎక్కడో దూరాన సముద్రం కనిపిస్తాయి. ఆ పచ్చిక ఉన్న చోట ఒకప్పుడు నీళ్లుండేవి. 1287లో వచ్చిన పెద్ద తుఫాను ఈ తీరం రూపాన్నే మార్చేసింది. పాత వించెల్సీ అనే రేవు పట్టణం మునిగిపోయింది. రోదర్ నది దారి మళ్లి రై పక్కకు వచ్చింది. హేస్టింగ్స్‌లో కోట ఉన్న కొండ అంచు విరిగి సముద్రంలో పడింది. తర్వాతి శతాబ్దాల్లో ఇసుక, ఒండ్రు మేట వేసి సముద్రం రైకి దూరంగా జరిగిపోయింది. ఇదొక్కటి మనసులో పెట్టుకుని తిరగండి. ఈ గుట్ట మీద ఊరెందుకు కట్టారో, కోటలు ఎక్కడెక్కడ ఎందుకు లేచాయో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

కిందికి దిగాక మెర్మెయిడ్ స్ట్రీట్. గుండ్రాళ్లు పరిచిన ఏటవాలు వీధి, వాన పడితే బాగా జారుతుంది. ఫొటోలకు ఉదయం తొమ్మిది లోపు వెళ్లండి, తర్వాత జనం నిండిపోతారు. 1377లో ఫ్రెంచివాళ్లు ఈ ఊరిని తగలబెట్టారు. అంతకు ముందే కట్టిన ఈప్రె టవర్, ల్యాండ్‌గేట్ ద్వారం మాత్రం ఇంకా నిలబడే ఉన్నాయి.

రెండో రోజు కోట

బోడియం కోట కట్టుకోవడానికి 1385లో అనుమతి ఇచ్చారు. ఫ్రెంచి దాడుల భయం ఇంకా పోని రోజులవి. చుట్టూ వెడల్పాటి అగడ్త, నీళ్లలో తేలుతున్నట్టుండే నాలుగు మూల బురుజులు. లోపల మాత్రం పైకప్పుల్లేని గోడలే. అందుకే ముందు అగడ్త చుట్టూ ఒక రౌండ్ నడిచి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి. దీన్ని 1917లో కొని బాగు చేయించింది లార్డ్ కర్జన్. 1905లో బెంగాల్‌ను విభజించిన వైస్రాయ్ ఆయనే. ఆ విభజన మీద లేచిన వందేమాతరం ఉద్యమం మన రాజమండ్రి దాకా వచ్చింది. మన దేశంలో పురాతన కట్టడాల రక్షణకు 1904లో చట్టం తెచ్చిందీ ఆయన హయాంలోనే. 1925లో పోతూ ఈ కోటను, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చాడు.

ఈ కోటకు దగ్గర్లో మామూలు రైలు లేదు. రాబర్ట్స్‌బ్రిడ్జ్ స్టేషన్ నుంచి సుమారు 8 కిలోమీటర్లు. ట్యాక్సీ ముందే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే చెప్పి పెట్టుకోండి. అక్కడికెళ్లాక దొరుకుతుందిలే అనుకుంటే టెన్షన్ తప్పదు.

టికెట్ల విషయంలో ఒక మాట. బోడియం నేషనల్ ట్రస్ట్‌ది. మూడో రోజు చూసే బ్యాటిల్ ఆబీ (పాత మఠం), ఇదే వైపున్న పెవెన్సీ కోట ఇంగ్లిష్ హెరిటేజ్‌వి. రెండూ వేరు వేరు సంస్థలు, ఒకదాని సభ్యత్వం ఇంకోచోట చెల్లదు. ఎక్కడెక్కడికి వెళ్తారో రాసుకుని, విడి టికెట్ల మొత్తం లెక్కేసుకున్నాకే సభ్యత్వం తీసుకోండి.

మూడో రోజు బ్యాటిల్, హేస్టింగ్స్

1066 అక్టోబరు 14న జరిగిన హేస్టింగ్స్ యుద్ధం నిజానికి హేస్టింగ్స్‌లో జరగలేదు, సుమారు పది కిలోమీటర్ల అవతల జరిగింది. అక్కడ వెలసిన ఊరి పేరే బ్యాటిల్. గెలిచిన నార్మండీ డ్యూక్ విలియం కట్టించిన మఠం శిథిలాల వెనక ఆ ఏటవాలు మైదానం అలాగే ఉంది. కింది నుంచి పైకి నడవండి. కొండ మీద కాచుకున్న ఇంగ్లాండ్ రాజు హెరాల్డ్ సేన మీదికి ఎక్కి రావడం ఎంత కష్టమో మీ కాళ్లకే తెలుస్తుంది.

అక్కడి నుంచి హేస్టింగ్స్‌కు రైల్లో పావుగంట. స్టేషన్ నుంచి ఓల్డ్ టౌన్ వైపు నడిస్తే గులకరాళ్ల బీచ్ మీదే పడవలు లాగి పెట్టి ఉంటాయి. పక్కనే వలలు, చేపల వేట సామాను దాచుకోవడానికి కట్టిన పొడవాటి నల్ల చెక్క గదులు. తాళ్లతో నడిచే చిన్న రైలు పెట్టెలో వెస్ట్ హిల్ ఎక్కితే, తుఫానుకు సగం పోగా మిగిలిన కోట అక్కడే ఉంటుంది.

తిండి సంగతి: పబ్బుల్లో మధ్యాహ్నం రెండున్నర, మూడు దాటితే వంట ఆపేసే చోట్లు చాలా ఉన్నాయి, ఆలస్యం చేయకండి. శాకాహారులైతే చిప్స్ ఏ నూనెలో వేయిస్తారో అడగండి, కొన్ని దుకాణాల్లో గొడ్డు కొవ్వు వాడతారు. బీచ్‌లో తింటుంటే సీగల్స్ చేతిలోంచే లాక్కుపోతాయి, గోడకు వీపు ఆనించి కూర్చోండి.

పిల్లలుంటే క్యాంబర్ శాండ్స్ కలుపుకోండి

రై నుంచి బస్సుంది. ఇసుక దిబ్బలు, చదునైన విశాలమైన బీచ్. పోటు వచ్చేటప్పుడు నీళ్లు వేగంగా చుట్టుముడతాయి కాబట్టి బయల్దేరే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. లైఫ్‌గార్డులు ఉండే వేళల్లో ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. ఎవరైనా చిక్కుకుంటే మీరు దూకకండి, 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి.