పికప్ క్లచ్ దగ్గర శబ్దం: గేర్‌బాక్స్ దించకముందే కనిపెట్టడం ఎలా?

క్లచ్ దగ్గర ఏదో శబ్దం వస్తోందని పికప్‌ను షెడ్డుకు తీసుకెళ్తే చాలా చోట్ల మొదట వినిపించే మాట "గేర్‌బాక్స్ దించి చూద్దాం". దించాక ఇంకేం వినబడుతుంది? శబ్దం చేసే బేరింగ్ బల్ల మీద నోరు మూసుకుని కూర్చుంటుంది. ఎలాగూ దించాం కదా అని క్లచ్ సెట్టు మార్చేస్తారు. బండి రోడ్డెక్కగానే మళ్ళీ అదే గరగర, ఎందుకంటే పోయింది గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. ఈ తంతు చూసీ చూసీ విసుగొచ్చింది. శబ్దాన్ని పట్టుకోవలసింది అన్నీ బిగించి ఉన్నప్పుడే, అదీ క్లచ్ పెడల్‌తోనే. బొలేరో పికప్, యోధ లాంటి, ఇంజన్ ముందుండి వెనక చక్రాలు లాగే బండ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

ముందు ఏర్పాట్లు

చదునైన నేల. హ్యాండ్‌బ్రేకు. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు. ఒక పొడవాటి స్క్రూడ్రైవర్, తోడుగా ఒక మనిషి. ఏసీ, పాటలు ఆపేయాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు, నడుస్తున్న బండి కిందికి ఎవరూ దూరకూడదు. బండిని ఒక పది కిలోమీటర్లు తిప్పి వేడెక్కించాకే చెవి పెట్టాలి. చల్లగా ఉన్న గేర్ ఆయిల్ చిక్కగా ఉండి సగం శబ్దాలను మింగేస్తుంది.

ఇంజన్ ఆపి ఒకసారి

ఇంజన్ ఆపి పెడల్‌ను నెమ్మదిగా నొక్కి వదలండి. కిర్రుమంటే అది పెడల్ పిన్నో, క్లచ్ ఫోర్కు ఆనే చోటో, కేబులో. గ్రీజుతో పోయే జబ్బుకు గేర్‌బాక్స్ దించినవాళ్ళున్నారు.

న్యూట్రల్‌లో, పెడల్ మీద కాలు లేకుండా

ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో వదిలేస్తే గేర్‌బాక్స్‌లో ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ నుంచి ఇంజన్ బలాన్ని లోపలికి తెచ్చే కడ్డీ), దానితో పాటు కౌంటర్ షాఫ్టు (ఆ బలాన్ని గేర్లకు అందించే పక్క కడ్డీ) తిరుగుతూ ఉంటాయి. ఇప్పుడు గరగర వస్తూ, పెడల్ పూర్తిగా నొక్కగానే ఆగిపోతే అనుమానం ఈ రెంటి బేరింగుల మీదే. అయితే క్లచ్ ప్లేటు మధ్యలోని స్ప్రింగులు సడలినా ఇలాంటి చప్పుడే వస్తుంది. తేడా తేలాలంటే యాక్సిలరేటర్ కాస్త తొక్కాలి. బేరింగ్ అయితే శబ్దం పెరుగుతుంది, స్ప్రింగుల చప్పుడైతే సద్దుమణుగుతుంది.

ఇంకా సందేహముంటే గేర్ లీవర్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు ఎత్తి, గేర్‌బాక్స్ పైమూతకు స్క్రూడ్రైవర్ మొన ఆనించండి. పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి పట్టండి. డాక్టర్ల స్టెతస్కోపు లాంటిది కొనుక్కోమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు కానీ, అది బండిలోని ప్రతి చప్పుడునూ పెద్దది చేసి మనిషిని తికమక పెడుతుంది. చెక్క పిడి స్క్రూడ్రైవర్‌కు మించినది లేదు.

రిలీజ్ బేరింగా, పైలట్ బేరింగా?

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

పెడల్ నొక్కినప్పుడు శబ్దం వస్తే అది రిలీజ్ బేరింగేనని తేల్చేస్తారు. కానీ పెడల్ నొక్కినప్పుడు పనిలోకి దిగేవి రెండు. ఒకటి రిలీజ్ బేరింగ్, క్లచ్ ప్లేటును బిగించి పట్టే ప్రెషర్ ప్లేటు మధ్యలోని స్ప్రింగు వేళ్ళను నొక్కేది. రెండోది ఇన్‌పుట్ షాఫ్టు కొసను పట్టుకుని క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) చివర కూర్చున్న పైలట్ బేరింగ్. కొన్ని బండ్లలో దాని చోట గన్‌మెటల్ బుష్ ఉంటుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు క్రాంకు, ఇన్‌పుట్ షాఫ్టు కలిసే తిరుగుతాయి కాబట్టి పైలట్ బేరింగ్‌కు పని లేదు. ఇన్‌పుట్ షాఫ్టు ఆగి క్రాంకు ఒక్కటే తిరిగినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

కనుక మొదట న్యూట్రల్‌లో ఉంచి, పెడల్‌ను వేలితో తోసినంత మెత్తగా నొక్కుతూ వెళ్ళండి. పెడల్ ఊరికే కదిలే ఆట అయిపోయి పాదానికి బరువు తగిలే చోటు ఒకటుంటుంది. సరిగ్గా అక్కడ కీచుమని మొదలై, ఇంకా నొక్కేకొద్దీ స్వరం మారితే అది రిలీజ్ బేరింగ్. ఒకేసారి అడుగు దాకా తొక్కేస్తే ఈ చోటు దాటిపోతుంది, పరీక్ష వృథా. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా బండ్లలో ఈ బేరింగ్ ఎప్పుడూ వేళ్ళకు ఆనుకునే ఉంటుంది. వాటిలో కాలు తీసేసినప్పుడు సన్నగా కిచకిచలాడి, పాదం ఆనించగానే ఆగినా అనుమానించాల్సింది దీన్నే.

ఇక పైలట్ బేరింగ్. న్యూట్రల్‌లో పెడల్ మొత్తం నొక్కినా ఇన్‌పుట్ షాఫ్టు ఒక్కోసారి ఈడ్పుకు తిరుగుతూనే ఉంటుంది, అందుకే శబ్దం రాదు. దాన్ని నిలబెట్టాలంటే పెడల్ పూర్తిగా నొక్కి గేరు వేయాలి. చక్రాలు కదలవు కాబట్టి షాఫ్టు ఆగుతుంది. అంతదాకా లేని కీచు గేరు పడగానే లేచి, న్యూట్రల్‌కు తేగానే తగ్గితే పైలట్ బేరింగ్ పోయినట్టే.

ఈ పరీక్షకు ఫస్టు గేరు వేయవద్దు. గట్టిగా చెబుతున్నాను, నాలుగో గేరు వేయండి. పాదం జారిందనుకోండి, ఫస్టులో బండి దిమ్మెల మీదికి ఎగబాకి దూకుతుంది. నాలుగులో ఇంజన్ ఒక కుదుపుతో ఆగిపోతుంది. కుడికాలు బ్రేకు మీదే ఉండాలి. వినే మనిషి పక్కన నిలబడాలి, బండికి ముందు కాదు. పది సెకన్లకు మించి పట్టి ఉంచకండి. సరిగా వినబడకపోతే వదిలి మళ్ళీ చేయండి.

ఇదే సమయంలో రివర్స్ సంగతీ తేలుతుంది. పెడల్ నొక్కి నాలుగైదు సెకన్లు ఆగాక కూడా రివర్స్ కరకరలాడుతూ పడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. గేర్‌బాక్స్‌ను తిట్టేముందు క్లచ్ ఆయిలు, లైనులో గాలి, కేబుల్ సర్దుబాటు చూడండి. మూడో గేరు ఒక్కటే కరకరలాడితే మాత్రం సింక్రో రింగు (గేరు పడేముందు వేగాలను కలిపే ఇత్తడి రింగు).

రోడ్డు మీద

చాలా అయిదు గేర్ల బాక్సుల్లో నాలుగోది డైరెక్ట్, అంటే ఇన్‌పుట్ షాఫ్టు తిప్పుడు నేరుగా బయటికి పోతుంది. అందులో బరువు కౌంటర్ షాఫ్టు మీద పడదు. మిగతా గేర్లలో ఊళ వేస్తూ నాలుగులో ఆ శబ్దం తగ్గితే కౌంటర్ షాఫ్టు బేరింగులు. ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు పళ్ళు. ఖాళీ రోడ్డు మీద కాసేపు న్యూట్రల్ చేసినా వేగాన్ని బట్టే శబ్దం సాగుతుంటే చూపు వెనక్కి తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టును (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్ళే పొడవాటి షాఫ్టు) మధ్యలో పట్టే సెంటర్ బేరింగ్, వెనక ఇరుసులోని డిఫరెన్షియల్, చక్రాల బేరింగులు చూడాలి. కదిలేటప్పుడు ఒక్క టంగుమనే దెబ్బ వినబడితే ప్రొపెల్లర్ షాఫ్టు కీలు, అంటే క్రాసు.

ఆయిలు

ఇంజన్ ఆపి, పక్కనున్న నింపే ప్లగ్గు విప్పితే ఆయిలు రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. అడుగు ప్లగ్గు అయస్కాంతానికి నల్లటి పేస్టు సహజమే. పొలుసులు, ముక్కలు కాదు. పసుపు మెరుపు కనిపిస్తే సింక్రో రింగులు అరుగుతున్నాయి. కంపెనీ జీఎల్-4 రకం గేర్ ఆయిల్ చెప్పిన బాక్సులో "ఇంకా మంచిది" అంటూ జీఎల్-5 పోయనివ్వకండి. దానిలోని రసాయనాలు ఇత్తడి రింగులకు పడవు.

దించక తప్పనప్పుడు

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ నాలుగూ కలిపే మార్చండి. క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా అప్పుడే. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువంతా ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడనిస్తే కొత్త ప్లేటు వంకరపోతుంది. షెడ్డులో అన్నింటినీ డీజిల్‌లో ముంచి కడిగే అలవాటుంది. కొత్త రిలీజ్ బేరింగ్‌ను ఆ తొట్టి దరిదాపులకు రానివ్వకండి. ఫ్యాక్టరీలో నింపి మూసిన గ్రీజు డీజిల్‌తో కరిగిపోతే మళ్ళీ పెట్టే దారి లేదు.