మూలపడ్డ కంపెనీ ఫైర్‌వాల్ డబ్బాలో ఓపిఎన్‌సెన్స్ ఎక్కించడం ఎలా?

తిరుపతి బస్టాండు దగ్గర మా బావకు చిన్న లాడ్జి ఉంది. ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామాన్లలో ఆయనకు ఫైర్‌వాల్ డబ్బా (ఇంటర్నెట్‌కూ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య కాపలా కాసే పెట్టె) ఒకటి దొరికింది. లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది. "ఏం బామ్మర్దీ, ఇది దేనికన్నా పనికొస్తాదా, పాత సామాన్లోడికి వేసేద్దామా?" అన్నాడు. ఇప్పుడు లాడ్జి వైఫై మొత్తం దాని మీదే నడుస్తోంది.

ఇలాంటి డబ్బాల్లో చాలావాటి లోపల ఉండేది మామూలు కంప్యూటరే. ఇంటెల్ ప్రాసెసరు, ర్యాము, చిన్న ఎస్‌ఎస్‌డీ, నాలుగైదు లాన్ పోర్టులు, అంతే. అందుకే కంపెనీ సాఫ్ట్‌వేరు తీసేసి ఓపిఎన్‌సెన్స్ లాంటి ఉచిత ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్ వేసుకోవచ్చు. అది 2015లో పీఎఫ్‌సెన్స్ అనే ఇంకో ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేరు నుంచి చీలి వచ్చింది. పీఎఫ్‌సెన్స్ కూడా 2004లో మోనోవాల్ నుంచి అలా చీలినదే. అడుగున ఉండేది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఎక్కించడానికి పట్టేది అరగంట లోపే. దానికి ముందూ తర్వాతా చేసేదే అసలు పని.

ముందు మూత తీసి చూడండి

అన్ని డబ్బాలూ పనికిరావు. ఓపిఎన్‌సెన్స్‌కు 64 బిట్ ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసరు కావాలి. సోఫోస్ ఎస్‌జీ, ఎక్స్‌జీ వరుసలో పాత మోడళ్లు పనికొస్తాయి. ఫోర్టిగేట్ చిన్న మోడళ్లలో ఆ కంపెనీ సొంత చిప్పు ఉంటుంది, వాటి జోలికి వెళ్లకండి. ర్యాము కనీసం 2 జీబీ, 4 ఉంటే హాయి. ప్రాసెసరు ఆటమ్ సీ2000 రకమైతే కొనేముందు ఇంకోసారి ఆలోచించండి. వాటిలో తొలి విడత చిప్పులకు గడియారం సిగ్నలు చచ్చిపోయే లోపం ఉందని 2017లో బయటపడింది. ఒకరోజు ఉన్నట్టుండి డబ్బా లేవదు.

ఇంకోమాట, డబ్బా మీ సొంతమై ఉండాలి. ఇంటర్నెట్ కంపెనీ అద్దెకిచ్చినదాన్ని విప్పకండి.

మూత తీశారు కాబట్టి రెండు పనులు చేసేయండి. లోపలి డిస్కు ఊడదీసి, మీద పేరు రాసి దాచండి. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టండి. ఏదైనా బెడిసికొడితే పాత డిస్కు తగిలిస్తే డబ్బా మళ్లీ యథాతథం. అలాగే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి. ఏళ్ల తరబడి మూలపడ్డ డబ్బాలో అది అయిపోయే ఉంటుంది.

తెర లేని డబ్బాతో మాట్లాడటం

వీజీఏ లేదా హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే మానిటరూ కీబోర్డూ తగిలించండి, గొడవ లేదు. లేకపోతే కన్సోల్ పోర్టే (ల్యాప్‌టాప్ నుంచి డబ్బాకు ఆదేశాలు టైపు చేసే దారి) దిక్కు. చూడటానికి లాన్ పోర్టులాగే ఉంటుంది గానీ అందులో లాన్ వైరు పెట్టి లాభం లేదు. ఒక కొస యూఎస్‌బీ, ఇంకో కొస ఆర్‌జే45 (లాన్ వైరుకు ఉండేలాంటి క్లిప్పు) ఉండే కన్సోల్ కేబుల్ కొనండి. ల్యాప్‌టాప్‌లో పుట్టీ అనే ప్రోగ్రాము తెరిచి, కామ్ పోర్టు నంబరూ స్పీడూ ఇవ్వాలి.

నేను ఇరుక్కున్నది ఇక్కడే. మా డబ్బా బయోస్ (ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) 38400 స్పీడులో మాట్లాడుతోంది, ఓపిఎన్‌సెన్స్ 115200లో. బయోస్ చక్కగా కనిపించింది, ఆ తర్వాత తెర నిండా పిచ్చి గుర్తులు. డబ్బా పోయిందని అరగంట టెన్షన్ పడ్డాను. స్పీడు మార్చగానే అక్షరాలు వచ్చేశాయి.

ఎక్కించడం

ఓపిఎన్‌సెన్స్ సైటులో మానిటరు ఉన్నవాళ్లు వీజీఏ ఇమేజీ (ఎక్కించే ఫైలు), కన్సోల్ కేబుల్ వాడేవాళ్లు సీరియల్ ఇమేజీ దించుకోవాలి. ఫైలు చెడకుండా దిగిందో చెప్పే షా256 సంఖ్య సరిచూసి, కుదించిన ఫైలు విప్పి, రూఫస్ లేదా బలీనా ఎచర్ ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది.

బయోస్‌లో యూఎస్‌బీని మొదట పెట్టండి. అక్కడే కరెంటు పోయి వస్తే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగు కూడా పెట్టేయండి. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి స్విచ్చి నొక్కాలి.

బూట్ అయ్యాక లాగిన్ అడుగుతుంది. పేరు ఇన్‌స్టాలర్, పాస్‌వర్డు ఓపిఎన్‌సెన్స్, రెండూ ఇంగ్లిషు చిన్నక్షరాల్లో. ర్యాము 4 జీబీ ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి, హఠాత్తుగా కరెంటు పోయినా ఫైళ్లు చెడకుండా తట్టుకుంటుంది. డిస్కు ఎంచుకునేటప్పుడు మాత్రం సైజు చూసుకోండి, పెన్‌డ్రైవ్ కూడా ఆ జాబితాలోనే కనిపిస్తుంది. రూట్ పాస్‌వర్డు మార్చి, రీబూట్ కాగానే పెన్‌డ్రైవ్ లాగేయండి.

ఏ పోర్టు ఏది?

డబ్బా మీద 1, 2, 3 అని రాసి ఉన్న వరుసా, ఫ్రీబీఎస్‌డీ పోర్టులకు ఇచ్చే ఐజీబీ0, ఐజీబీ1 పేర్ల వరుసా కలవాలని లేదు. కన్సోల్ మెనూలో 1 నొక్కి, పేరు అడిగినచోట ఇంగ్లిషు 'ఏ' కొట్టండి. అప్పుడు వైరు పెట్టిన పోర్టును అదే కనిపెడుతుంది. కనిపెట్టిన వెంటనే స్టిక్కరు మీద రాసి అంటించండి. నేను అంటించలేదు, రెండో రోజు మళ్లీ మొదటికొచ్చాను.

చాలామంది బోర్లా పడే చోటు ఇంకోటుంది. ఓపిఎన్‌సెన్స్ లాన్ (లోపలివైపు) చిరునామా 192.168.1.1. మనిళ్లలో ఫైబర్ పెట్టెల్లో చాలావాటిదీ అదే. రెండువైపులా ఒకే చిరునామా ఉంటే నెట్ రాదు. మెనూలో 2 నొక్కి లాన్‌ను 192.168.50.1కి మార్చండి. ఇంకా మంచిది, ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటరు పని మానేసి సిగ్నలును దాటించడమే చేసేలా) పెట్టించి, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పీపీపీఓఈ (కనెక్షన్ లాగిన్) యూజర్‌నేమూ పాస్‌వర్డూ ఓపిఎన్‌సెన్స్‌లోనే ఇవ్వడం. వీలాన్ నంబరు (ఒకే వైరులో నెట్‌వర్కులను వేరుచేసే గుర్తు) కూడా ఉందేమో కనెక్షన్ ఇచ్చిన అబ్బాయిని అడగండి. అంతా సరిగా ఉన్నా నెట్ రాకపోతే, పాత రౌటరు మాక్ అడ్రస్‌కు (పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) కనెక్షన్ ముడిపెట్టి ఉండొచ్చు.

ఇక బ్రౌజరులో కొత్త చిరునామా తెరిచి, మొదట అప్‌డేట్ చేయండి. పెద్ద వెర్షన్లు ఏటా జనవరిలో, జూలైలో వస్తాయి. అడ్మిన్ పేజీని బయటి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి.

యాత్రికుల వైఫైకీ రిసెప్షన్ కంప్యూటరుకూ వేరువేరు పోర్టులు ఇచ్చాను. కొత్త పోర్టులో రూల్స్ (దేన్ని పోనివ్వాలి, దేన్ని ఆపాలి అనేవి) రాసేదాకా ఏదీ కదలదు, అది లోపం కాదు. రూల్స్ పైనుంచి కిందికి చదువుతుంది కాబట్టి వరుస ముఖ్యం. యాత్రికుల పోర్టులో ఇలా: డీఎన్‌ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చేది) అనుమతి, తర్వాత ఫైర్‌వాల్‌కు నిషేధం, రిసెప్షన్ నెట్‌వర్క్‌కు నిషేధం, చివర మిగతా అన్నింటికీ అనుమతి. పనయ్యాక కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఫైలు దించి, పాత డిస్కుతో పాటు దాచండి.

ఫ్యాను మోతకు మాత్రం నాకు మందు దొరకలేదు. రిసెప్షన్‌లో కూర్చోలేక బావ దాన్ని చెక్క బీరువాలో పెట్టి తలుపేశాడు. మే నెల తిరుపతి ఎండలో అది నాలుగు గంటలు కూడా ఓర్చుకోలేదు. ఇప్పుడు మెట్ల కింద, గాలి తగిలేచోట, ఇన్వర్టరు పక్కన ఉంది.