పీఎస్‌ఏ పరీక్ష: రక్తం తీసిన తర్వాతి మూడు గంటలు

ప్రోస్టేట్ గ్రంథి స్థితిని తెలిపే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్ అనే ప్రోటీన్) రక్తంలో రెండు రూపాల్లో ఉంటుంది. ఎక్కువ భాగం మరో ప్రోటీన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది, మిగిలినది విడిగా తిరుగుతుంది. ఈ విడి భాగాన్నే ఫ్రీ పీఎస్‌ఏ అంటారు. నమూనా విషయంలో కొంత అలసత్వం జరిగినా రెండు రూపాలూ కలిపిన టోటల్ పీఎస్‌ఏ అంతగా మారదు గానీ, ఫ్రీ పీఎస్‌ఏ మాత్రం త్వరగా క్షీణిస్తుంది. కాబట్టి జాగ్రత్తలన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకొనే తీసుకోవాలి.

రక్తం తీయడానికి ముందే కొన్ని సంగతులు అడగాలి. వైద్యుడు వేలితో గ్రంథిని పరీక్షించవలసి ఉంటే రక్తం అంతకు ముందే తీయాలి. రెండు రోజుల లోపు వీర్యస్ఖలనం జరిగినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా విలువ పెరగవచ్చు. ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే ఫినాస్టరైడ్‌ను నెలల తరబడి వాడుతున్నవారిలో అది దాదాపు సగానికి తగ్గుతుంది గనుక ఆ మందు పేరు అభ్యర్థన పత్రంలో తప్పక రాయాలి.

ట్యూబుపై పేరుతో పాటు రక్తం తీసిన సమయాన్ని కూడా రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. సీరం (రక్తం గడ్డకట్టాక విడివడే ద్రవం) కోసం వాడే ట్యూబును మెల్లగా నాలుగైదు సార్లు తలకిందులు చేసి, నిలువుగా ఉంచి, సుమారు అరగంట గడ్డకట్టనివ్వాలి. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, రక్తం తీసిన మూడు గంటల లోపే సీరాన్ని వేరుచేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒక్కరోజులో పరీక్ష పూర్తయ్యేటట్లయితే 4 డిగ్రీల సెల్సియస్ చాలు. అంతకు మించి ఆలస్యమైతే మైనస్ 20 వద్ద, నెలల తరబడి దాచవలసి వస్తే మైనస్ 70 లేదా అంతకన్నా తక్కువ వద్ద ఉంచాలి.

ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. మిల్లీలీటరుకు టోటల్ 6.0, ఫ్రీ 1.2 నానోగ్రాములు ఉంటే టోటల్‌లో ఫ్రీ నిష్పత్తి 20 శాతం. నిలవలో ఫ్రీ 0.9కి, దానితో పాటు టోటల్ 5.7కి దిగితే నిష్పత్తి 16 శాతం దగ్గరకు జారుతుంది. నిష్పత్తి తగ్గేకొద్దీ క్యాన్సర్ అనుమానం పెరుగుతుంది కాబట్టి, అవసరం లేని బయాప్సీకి దారితీసే పొరపాటు ఇది.

ఘనీభవించిన సీరాన్ని కరిగించినప్పుడు పైన పలచగా, అడుగున చిక్కగా పొరలు కనిపిస్తాయి. నురుగు రాకుండా కలిపిన తర్వాతే యంత్రంలో పెట్టాలి, మళ్లీ మళ్లీ ఘనీభవింపజేయకూడదు. గడువు దాటిన నమూనాతో ఫ్రీ విలువ ఇవ్వడం కన్నా, కారణం రాసి కొత్త నమూనా అడగడమే సరైన పని.