పెద్ద ఎస్‌యూవీకి తగిన షాక్ అబ్జార్బర్లను ఎంచుకోవడం ఎలా?

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట మీదుగా ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారిపై వెళ్తున్నప్పుడు, రోడ్డు, వంతెన కలిసే అతుకు దగ్గర మీ బండి తీరును ఒకసారి గమనించండి. ఒక్కసారి కిందికి దిగి, పైకి లేచి, వెంటనే కుదురుకుంటే షాక్ అబ్జార్బర్లు తమ పని తాము చేస్తున్నట్టే. అలా కాకుండా రెండు మూడు సార్లు ఊగి, మూడో వరుసలో కూర్చున్నవారికి కడుపులో తిప్పుతున్నా, బ్రేకు వేయగానే ముక్కు బాగా కిందికి వంగుతున్నా, టైరు అంచున చేతితో తడిమితే ఎత్తుపల్లాలు తగులుతున్నా వాటి సంగతి చూడవలసిందే.

బండి బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊపును అదుపు చేసేది షాక్ అబ్జార్బరు. లోపలి పిస్టన్ నూనెలో కదులుతూ, కవాటాల్లోని సన్నని దారుల గుండా నూనెను నెట్టడం వల్ల ఊపులోని శక్తి వేడిగా మారి బయటికి పోతుంది. ఈ తేడా తెలియక, వెనక భాగం కుంగిన బండికి ఖరీదైన షాకులు వేయించి, కుంగుబాటు పోలేదని బాధపడేవారు చాలామంది ఉన్నారు. కుంగిన బండికి కావలసింది కొత్త స్ప్రింగులు, లేదా బొలేరో వంటి వాటిలోనైతే కమాను పట్టీల మరమ్మతు.

అందుచేత డబ్బు ఖర్చు పెట్టే ముందు టైర్ల గాలిని తలుపు దగ్గరి స్టిక్కరులో ఇచ్చిన అంకెలతో సరిచూడండి. ఎక్కువ గాలి కొట్టించిన టైరు ఎంత మంచి షాకునైనా గట్టిగా ఉన్నట్టు చూపిస్తుంది. తర్వాత చక్రాన్ని బండికి కలిపి ఉంచే భాగాలైన కంట్రోల్ ఆర్మ్ బుష్షులు (రబ్బరు తొడుగులు), లింకు రాడ్లు, బాల్ జాయింట్లు పరీక్షింపజేయాలి. గుంతలో పడినప్పుడు వచ్చే టకటక చప్పుడు చాలాసార్లు వీటిదే. బండిని లిఫ్టు మీద ఎక్కించినప్పుడు షాకు ఒంటిని టార్చి వెలుగులో చూడండి. పై భాగంలో పల్చటి నూనె చెమ్మ, దాని మీద కొద్దిపాటి దుమ్ము ఉంటే కంగారు పడనక్కరలేదు. నూనె ధారగా కారి, దుమ్ముతో కలిసి నల్లని ముద్దలా కింది కన్ను (బోల్టు పట్టే రింగు) వరకు దిగి ఉంటే సీలు పోయినట్టే. బానెట్ నొక్కి వదిలే పాత పరీక్ష, రెండు టన్నుల బరువుండే ఫార్చూనర్ వంటి బండి విషయంలో నమ్మదగినది కాదు.

ఇక ఎంపిక. ట్విన్ ట్యూబ్ రకంలో ఒక గొట్టం లోపల మరొక గొట్టం ఉండి, పిస్టన్ లోపలి దానిలో కదులుతుంది, బయటిది నూనె నిల్వకు పనికివస్తుంది. ఇది మెత్తగా ఉంటుంది, ధర తక్కువ, పైన రాయి తగిలి చిన్న సొట్ట పడినా పని ఆగదు. అయితే ఎడతెగని గతుకుల్లో వేగంగా నడిపితే నూనె వేడెక్కి నురగ కడుతుంది, అప్పుడు పట్టు సడలుతుంది; తక్కువ పీడనంలో నైట్రోజన్ నింపిన రకంలో ఈ దోషం కొంత తగ్గుతుంది. మోనో ట్యూబ్ రకంలో ఒకే గొట్టం ఉండి, తేలే పిస్టన్ ఒకటి నూనెనూ, ఎక్కువ పీడనంలోని నైట్రోజన్‌నూ వేరు చేస్తుంది. వేడి నేరుగా గాలిలోకి పోతుంది కాబట్టి ఎంత దూరం నడిపినా స్పందన దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ చిన్న చిన్న అతుకులు కూడా సీటు దాకా తెలుస్తాయి, గొట్టానికి లోతైన సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. కేవైబీ సంస్థ ఎక్సెల్-జీ ట్విన్ ట్యూబ్‌కు, బిల్‌స్టీన్ బీ6 మోనో ట్యూబ్‌కు ఉదాహరణలు.

ఏది మంచిదనే ప్రశ్నకు జవాబు మీ దారిలోనూ, మీ బరువులోనూ ఉంది. ఎక్కువగా విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల మధ్య కుటుంబంతో తిరిగేవారికి కంపెనీ రకానికి సమానమైన మంచి గ్యాస్ ట్విన్ ట్యూబ్ చాలునని నా గట్టి అభిప్రాయం. సాలూరు ఘాటు మీదుగా ఒడిశాకు తరచూ వెళ్లేవారు, నిండు బరువుతో గతుకుల దారుల్లో గంటల కొద్దీ నడిపేవారు మోనో ట్యూబ్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. ఒక విషయం మరవవద్దు: మలుపులో బండి ఎంత ఒరగాలో ప్రధానంగా నిర్ణయించేది స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే ఇనుప కడ్డీ), ఆ ఒరగడం ఎంత వేగంగా జరగాలో నిర్ణయించేది షాకు. ఒరుగుడు పూర్తిగా పోతుందని ఆశించి అందరికన్నా గట్టి రకాన్ని కొంటే మిగిలేది నడుము నొప్పే.

పలాసలో జీడిపప్పు బస్తాలు వేసుకొని తిరిగే బండికీ, ఇద్దరే ప్రయాణించే బండికీ ఒకే షాకు సరిపోదు. బరువు కోసం గట్టి స్ప్రింగు వేస్తే, ఆ స్ప్రింగు తిరిగి విచ్చుకునే ఊపును పట్టి ఉంచగల షాకు కావాలి. లేదంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ తర్వాత బండి వెనక భాగం ఎగిరిపడుతుంది. అలా విచ్చుకోవడాన్ని రీబౌండ్ అని, దాన్ని పట్టి ఉంచే గుణాన్ని రీబౌండ్ డ్యాంపింగ్ అని అంటారు. కొనేటప్పుడు ఆ షాకును ఏ బరువుకు, ఏ స్ప్రింగుకు తగినట్టు చేశారో తప్పక అడగండి. ఎత్తు పెంచే కిట్ వేయించాలంటే షాకు పొడవు కూడా దానికి తగ్గట్టు ఉండాలి, పొట్టి షాకు చక్రం కిందికి దిగిన ప్రతిసారీ చివరికంటా సాగి తెగుతుంది. అదీ కాక, కంపెనీ నిర్దేశాలకు భిన్నమైన మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పరిమితం చేస్తుంది, కాబట్టి ముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ కనుక్కోవడం మేలు.

షాకులను ఎప్పుడూ ఒకే ఇరుసుకు జతగా మార్చాలి. డస్ట్ కవర్లు, బంప్ స్టాపులు (షాకు పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే మెత్తలు) పాడైతే అప్పుడే కొత్తవి వేయించండి. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఉండేవారు షాకులోకి జారే పిస్టన్ రాడ్ మీద తుప్పు చుక్కలు ఉన్నాయేమో వర్షాకాలం ముందు చూసుకోవాలి, ఎందుకంటే ఆ గరుకుతనం సీలును కోసేస్తుంది. ముందు చక్రాల స్ప్రింగును నొక్కి విప్పే పని తగిన సాధనం లేనిచోట ప్రాణాంతకం, ఇంట్లో ప్రయత్నించవద్దు. రబ్బరు బుష్షుల బోల్టులను బండి నేల మీద సొంత బరువుతో నిలిచాకే చివరిగా బిగించాలి, గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ముందు చక్రాల షాకులు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక బోల్టులను టార్క్ రెంచితో మరోసారి పరీక్షింపజేయండి.