మూడు యాక్సిస్‌ల టేబుల్‌కు మోటార్లు, కంట్రోలర్: ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

చిన్న పరిశ్రమల్లో గమ్ వేయడానికో, స్క్రూలు బిగించడానికో మూడు యాక్సిస్‌ల టేబుల్ (మూడు దిశల్లో కదిలే యంత్రం) తయారు చేసుకోవాలనుకునేవారు సాధారణంగా మోటార్ల ధరలు వాకబు చేయడంతో మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది కదలిక తీరు. స్క్రూ బిగించే టేబుల్ ఒక బిందువు దగ్గరకు చేరి, ఆగి, పని చేసి, తరువాతి బిందువుకు వెళ్తుంది. దానికి పల్స్ అవుట్‌పుట్లున్న (మోటారు ఎంత తిరగాలో విద్యుత్ స్పందనలుగా పంపే) మామూలు పీఎల్‌సీ, అంటే యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్, చాలు. గమ్ వేసే టేబుల్‌లో మాత్రం వంపు దగ్గర కూడా ఎక్స్, వై రెండూ ఒకే తాళంలో కదలాలి. కొన్ని చవక పీఎల్‌సీలు రెండు యాక్సిస్‌లను కలిపి సరళరేఖలో నడపగలవు గానీ వృత్తచాపంలో నడపలేవు. కాబట్టి మాన్యువల్‌లో ఆ సంగతి చూసుకున్న తరువాతే కొనాలి.

మోటారు ఎంపికకు ఒక లెక్క వేసి చూద్దాం. 8 కిలోల బరువును, చుట్టుకు 10 మిల్లీమీటర్లు జరిపే బాల్ స్క్రూతో (లోపలి గుండ్ల మీద నట్టు సులువుగా జరిగే మరకడ్డీతో), సెకనుకు 300 మిల్లీమీటర్ల వేగంతో నడపాలనుకుందాం. అంటే స్క్రూ సెకనుకు 30 చుట్లు, నిమిషానికి 1800 చుట్లు తిరగాలి. ఆ వేగాన్ని 0.1 సెకనులో అందుకోవడానికి బరువు కోరే టార్క్ (తిప్పే బలం) సుమారు 0.04 న్యూటన్ మీటర్లే. అయితే 16 మిల్లీమీటర్ల మందం, 600 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఆ స్క్రూను తిప్పడానికే అంతకు మించి, దాదాపు 0.06 కావాలి. చాలామంది లెక్కలో ఈ స్క్రూను మరచిపోతారు. మోటారు లోపలి రోటర్‌నూ, రాపిడినీ కలిపితే అవసరం ఇంకా పెరుగుతుంది.

స్టెపర్ (పల్స్‌కు ఒక్కో స్టెప్పు చొప్పున తిరిగే మోటారు) కేటలాగులో పెద్ద అక్షరాలతో కనిపించే టార్క్, మోటారు నిలబడి ఉన్నప్పటిది. వేగం పెరిగేకొద్దీ అది బాగా పడిపోతుంది కాబట్టి, వేగానికి టార్క్ ఎంతో చూపే గ్రాఫును, అది ఏ వోల్టేజీ దగ్గర గీసినదో గమనించి చదవాలి. నిమిషానికి 1800 చుట్ల దగ్గర స్టెపర్‌ను నమ్ముకోవడం నా దృష్టిలో సరికాదు. 3000 చుట్ల వరకు 0.64 న్యూటన్ మీటర్లు నిలకడగా ఇచ్చే 200 వాట్ల సర్వో (తన స్థానాన్ని కొలుచుకుంటూ సరిదిద్దుకునే మోటారు) ఈ యాక్సిస్‌కు సరిపోతుంది. అలాగని మూడింటికీ సర్వో అక్కరలేదు. నెమ్మదిగా, కొద్ది దూరమే జరిగే యాక్సిస్‌కు ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెపర్ పెడితే, స్టెప్పులు తప్పినప్పుడు అలారం ఇస్తుంది, డబ్బు కూడా మిగులుతుంది. నిలువుగా దిగే జెడ్ యాక్సిస్‌కు మాత్రం బ్రేకు ఉన్న మోటారే తీసుకోవాలి. బాల్ స్క్రూ తనంతట తాను బిగుసుకోదు గనుక, కరెంటు పోగానే హెడ్ కిందికి జారి కింద ఉన్న చేతిని నలిపేస్తుంది.

తరువాత పల్స్‌ల సంగతి. మోటారుకు కరెంటు అందించి నడిపే డ్రైవ్‌లో చుట్టుకు 10,000 పల్స్‌లు పెడితే పై వేగానికి సెకనుకు 3 లక్షల పల్స్‌లు కావాలి. 100 కిలోహెర్ట్జ్ పీఎల్‌సీ అంత పంపలేదు. ఎలక్ట్రానిక్ గేర్ (చుట్టుకు ఎన్ని పల్స్‌లో నిర్ణయించే డ్రైవ్ సెట్టింగు) మార్చి చుట్టుకు 2,000 చేస్తే 60 వేలతో పని జరుగుతుంది, పల్స్‌కు కదలిక 0.005 మిల్లీమీటర్లు ఉంటుంది. గమ్ పనికి అది ధారాళంగా సరిపోతుంది కాబట్టి ఖరీదైన కంట్రోలర్ కొనకుండా ఒక్క పారామీటర్ మార్పుతో గట్టెక్కవచ్చు. నాలుగైదు యాక్సిస్‌లు దాటి, తీగల చిక్కు పెరిగితే ఈథర్‌క్యాట్ (ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద అన్నింటికీ ఆదేశాలు పంపే పద్ధతి) డ్రైవ్‌ల ధర సమంజసమనిపిస్తుంది.

మిగిలినవాటిలో పొదుపు చేయకూడని చోట్లు రెండు. కదలిక హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్‌లు మామూలుగా మూసి ఉండే రకానివి కావాలి, అప్పుడు తీగ తెగినా యంత్రం ఆగుతుంది. ఎమర్జెన్సీ బటన్‌ను ప్రోగ్రాములోని ఇన్‌పుట్‌గా మాత్రమే కలిపి వదిలేయకుండా, సేఫ్టీ రిలే ద్వారా డ్రైవ్‌ల పవర్‌ను నేరుగా తొలగించేలా కలపాలి. జెడ్ బ్రేకు కూడా అదే క్షణంలో పట్టుకోవాలి.