స్పెషలిస్ట్ విజార్డా, మామూలు విజార్డా? కాగితం మీద తేల్చుకోండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు పోషించే ఆట) 3.5 ఎడిషన్లో విజార్డ్, అంటే మంత్రగాడి పాత్ర, స్పెషలిస్ట్ కావాలో వద్దో ఒకటో లెవెల్లోనే చెప్పేయాలి, తర్వాత మార్చుకోవడం కుదరదు. స్పెల్స్ (మంత్రాలు) స్కూల్స్ అనే రకాలుగా ఉంటాయి; స్పెషలిస్ట్ ఒక స్కూల్‌ని తనదిగా ఎంచుకుని, మామూలుగా వేరే రెండు స్కూల్స్‌ని పూర్తిగా వదులుకుంటాడు. చాలామంది ఇక్కడే గంటసేపు ఆగిపోతారు.

ఒక కాగితం తీసుకుని, ఐదో లెవెల్లో మీరు నిజంగా వాడబోయే 12 స్పెల్స్ రాయండి. పక్కన ఒక్కోదాని స్కూల్ రాయండి. ఒక్క స్పెల్ కూడా పడని స్కూల్స్ రెండుంటే, లేదా రెండు స్కూల్స్ వదిలినా మీ జాబితాలో ఒక్క స్పెలే పోతుంటే, స్పెషలిస్ట్ కావచ్చు. డివినేషన్ (తెలియని విషయాలు తెలుసుకునే స్పెల్స్) స్కూల్‌ని వదులుకునే వీలు లేదు. ఎన్‌చాంట్‌మెంట్ (ఎదుటివాళ్ల మనసు మీద పనిచేసే స్పెల్స్) వదలడం తేలికే, శత్రువుల్ని నిద్రపుచ్చే స్లీప్ లాంటివి నాలుగైదు లెవెల్స్ దాటాక పెద్దగా పనిచేయవు. ఎవొకేషన్ (శక్తితో దాడి చేసే స్పెల్స్) వదిలితే మాత్రం గుంపు మీద నిప్పు పేల్చే ఫైర్‌బాల్ పోతుంది, బాగా ఆలోచించండి.

లాభం ఎంతంటే, ప్రతి స్పెల్ లెవెల్‌కి (స్పెల్ బలాన్ని చెప్పే అంకె, పాత్ర లెవెల్ వేరు) రోజుకి ఒకటి అదనం. పాత్రకి ఇంటెలిజెన్స్ (తెలివి స్కోరు) 16 ఉంటే ఐదో లెవెల్లో మామూలు విజార్డ్‌కి మూడో లెవెల్ స్పెల్స్ 2, స్పెషలిస్ట్‌కి 3. ఆ అదనపు స్పెల్ మీ స్కూల్‌దే అయ్యుండాలి.

గ్రూపులో మంత్రాలు వేసేది మీరొక్కరే అయితే ఈ లెక్క తప్పుతుంది. వదిలేసిన స్కూల్ స్క్రోల్స్ (మంత్రం రాసిన చుట్టలు), వాండ్స్ (మంత్రదండాలు) కూడా మీరు వాడలేరు. మన హైదరాబాద్ ఆటల్లో ఉప్పల్ నుంచి ఒకరు, కొండాపూర్ నుంచి ఒకరు రావాలి, ట్రాఫిక్ వల్ల సోర్సరర్ (మంత్రాలు వేసే ఇంకో రకం పాత్ర) ఆడే మనిషి తరచూ రాకపోతే మామూలు విజార్డే తీసుకోండి.